అయిదు గుండీల చొక్కా

వీధిలో అందరికీ ఆవిడ కాజాలక్క. దర్జీ కొట్ల నుంచి చొక్కాలు తెచ్చుకుని, కాజాలు కుట్టి, గుండీలు బిగించి ఇవ్వడం ముప్పై ఏళ్లుగా ఆవిడ పని. మొగుడు లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టు తప్పింది. నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

చొక్కా గుండీలు తనే పెట్టుకుంటానంటాడు. అవి వేళ్లకు చిక్కవు. చిక్కినా పై గుండీ కింది కాజాలో దూరుతుంది. ఆవిడ సాయం పట్టబోతే కస్సుమంటాడు. చివరికి చొక్కాలే మానేసి, బనీనుతో గడప దాటకుండా కూర్చున్నాడు.

ఆవిడ చెల్లెలి కూతురు బడిలో బొమ్మలు నేర్పుతుంది. ఒకరోజు బంకమట్టిలా మెత్తగా ఉండే రంగురంగుల పాలిమర్ క్లే పొట్లాలూ, చిన్న ఓవెనూ తెచ్చింది.

“కాలిస్తే గట్టిపడుతుంది పెద్దమ్మా. నీకెంత గుండీ కావాలో అంత చేసుకో.”

కాజాలక్క ఎర్ర క్లేను కడ్డీలా చేసి, దాని చుట్టూ పసుపు రేకులు పేర్చి, పైన నీలం పొర చుట్టింది. దాన్ని దొర్లించి సాగదీస్తే లోపలి పువ్వూ సన్నబడుతుంది. ఎక్కడ కోసినా అదే పువ్వు. కానీ చేతివేడికి మెత్తబడిన కడ్డీని ఆత్రంగా కోసేసరికి పువ్వు కాస్తా పచ్చడైంది. మర్నాడు మళ్లీ చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, బిగిశాక కోసింది. పువ్వు, చక్రం, గళ్లు, సుడి, చారలు: అయిదు పెద్ద గుండీలు చిల్లులు పొడిచి ఓవెన్‌లో కాల్చింది. వాటిని ఆయన చొక్కాకు బిగించి, ఏ గుండీ కాజాను ఆ గుండీ రంగు దారంతో కుట్టింది.

“నాకు పలకాబలపం పట్టిస్తున్నావా?” అన్నాడాయన.

“అప్పుడైనా బుద్ధిగా పట్టావా బావా? తొడిగి చూడు.”

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. చొక్కా రెండు రోజులు కొక్కేనికే వేలాడింది.

మూడోరోజు ఆవిడ కొట్టుకు వెళ్లొచ్చేసరికి ఆయన చొక్కాతో కూర్చున్నాడు. నుదుట చెమట. అయిదు గుండీలూ వాటి వాటి కాజాల్లోనే ఉన్నాయి.

“చక్రందే బిగుతుగా ఉంది. కాస్త వదులు చెయ్యి.”

ఆవిడ తలూపి కత్తెర వెతుక్కుంది.

ఆ సాయంత్రం ఆయన ఒక్కడే వీధి చివరి క్షౌరశాలకు నడిచి వెళ్లాడు. వేళ్లు వణికే తన తల్లికీ అలాంటివి కావాలని క్షౌరశాలవాడు అడిగాడట. ఆ కబురు మోసుకొచ్చి, ఆయనే క్లే ముద్ద అందుకుని ఎడమచేత్తో పిసకడం మొదలుపెట్టాడు.

“రంగులు కలిసిపోతాయి, మెల్లిగా!”

“డ్రైవరుకే దారి చెబుతావేమిటే?” అన్నాడు, పిసుకుతూనే.