దొర వేషం

నేను చదువుకున్న బడిలో నిజాం కాలపు వెట్టిచాకిరీ గురించి పిల్లలకు ఆడి చూపించడానికి ఒక వేషగాడిని మాట్లాడే పని పోయిన నెల నా మీద పడింది. జహీరాబాద్‌లో ఇంజినీర్‌గా పనిచేసే నాకు ప్రతిదానికీ షరతులు రాసుకోవడం అలవాటు. ఆయనకు దొర వేషం ఇచ్చి మూడు చెప్పాను: తలపాగా ఆ కాలపుదే కావాలి, చేతికి గడియారం ఉండకూడదు, పిల్లల ప్రశ్నలు అయిపోయేదాకా వేషంలోంచి బయటికి రాకూడదు.

"సార్, నా బిడ్డ గీ బడిల్నే నాలుగు సదువుతది. దొర వేషమొద్దు, జర కూలోని వేషమియ్యున్రి," అన్నాడు.

"దొరకు మీ గొంతే సరిపోతుంది," అన్నాను.

ఆ రోజు ఆయన కేకలకు హాలంతా బిగుసుకుపోయింది. ప్రశ్నల వంతు రాగానే మొదట లేచింది ఆయన కూతురే.

"దొరా, మా ముత్తాత నీ చేన్ల పనిచేసిండంట. కూలెందుకియ్యలే?"

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆయన తలపాగా మీద చెయ్యి పెట్టి నావైపు చూశాడు. తీసేయనా అని అడుగుతున్నాడని నాకు అర్థమైంది. కానివ్వమని చేత్తో సైగ చేశాను.

"నా భూమ్మీద బతికేటోనికి కూలేందే? కూసో," అని గద్దించాడు.

ఆ పిల్ల కూర్చుంది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం వాళ్లను సాగనంపడానికి వెళ్లాను. వాళ్ల ఊరు న్యాల్‌కల్ వెళ్లే బస్సులో తండ్రి పక్కన చోటున్నా ఆ పిల్ల ముందుకెళ్లి వేరే సీట్లో కూర్చుంది. ఆయన కిటికీలోంచి, "మంచిగైంది గద సార్?" అన్నాడు.

"అయింది," అన్నాను.

బడిలో ఆ మాట మీ నాయన తనంతట అన్నది కాదు, నేను అనిపించిందని ఆ పిల్లకు చెప్పాలంటే నేను బస్సెక్కితే చాలు. డ్రైవర్ వచ్చి బండి తీసేదాకా కిందనే నిలబడ్డాను.