ఒక కమాను, ఒక దూలం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నా కళ్ళద్దాల దుకాణం ఉన్న బిల్డింగు కట్టేనాటికి మా నాయనకు ఇంకా పెళ్ళి కాలేదు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి రాళ్ళు మోసే కూలీగా వచ్చి, ఆ పని ముగిసేసరికి మేస్త్రీ అయ్యాడు. మందపాటి రాతి గోడలు, గానుగలో నూరిన సున్నం, ఇనుప గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పు, ముందు రెండు పెద్ద కమాన్ల వరండా. మొదట్లో కింద ధాన్యం గిడ్డంగి, పైన విజయవాడ వైపు నుంచి వచ్చే వ్యాపారులు దిగే గదులు. తర్వాత కింద బట్టల కొట్లు, పైన టైపు ఇన్‌స్టిట్యూటు, దాని తర్వాత కోచింగ్ సెంటరు.

మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు వరండా పోయింది. మిషను వచ్చి ఒక్క పూటలో లాగేసింది. ఆ రోజు కూడా నేను దుకాణం తీశాను. అద్దాల మీద దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

బిల్డింగు ఓనరమ్మది కృష్ణా జిల్లా. ఆమె మా నాయనను పిలిపించింది.

"వరండా పోతే పోయింది. ఆ రెండు కమాన్లూ మాత్రం దాని వెనకున్న ముందు గోడకి మళ్ళీ అలాగే రావాలండీ మేస్త్రీగారూ. మా మావగారు ముచ్చటపడి కట్టించుకున్నారు."

"రాళ్ళు పారెయ్యకుంటే కడ్త అమ్మా," అన్నాడు నాయన.

నేను అడ్డం పడ్డాను. "నాయినా, నీకు డెబ్బై దాటినయి. పక్కన కూసోని చెప్పు, పనోళ్ళు చేస్తరు."

"చెప్తె రాదు బిడ్డా. చెయ్యాలె."

రోజూ మన్సూరాబాద్ నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు. పాత రాళ్ళను ఏరి, సున్నంతో గుర్తులు పెట్టి, వరుసగా పేర్చుకున్నాడు. మొదటి కమాను కింద చెక్కల ఆధారం తీసిన రోజు మేమంతా దూరంగా నిలబడ్డాం. ఆయన మాత్రం కిందే నిలబడి పైకి చూశాడు. "నిలవడ్డది," అని చాయ్ అడిగాడు.

రెండో కమాను సగంలో ఉండగా చేతిలో రాయి జారింది. వంగి మళ్ళీ తీశాడు. మళ్ళీ జారింది. నేను దుకాణంలోంచి బయటకు వచ్చాను.

"ఏమైంది నాయినా?"

"ఏం లేదు. చెయ్యి మాట ఇంటలేదు."

మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదు, కుడిచెయ్యి మాత్రం కష్టమన్నాడు. ఎవరి కళ్ళద్దాల నంబరో వింటున్నట్టు తలూపాను.

మరుసటి రోజు ఓనరమ్మ వచ్చి మంచం పక్కన ఏడ్చింది. "నా మూలంగానే అయిందమ్మా ఇదంతా."

"మీరేం చేస్తరమ్మా," అన్నాను. నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు.

సున్నం పని తెలిసినవాళ్ళు దొరకలేదు. ఇంజనీరు రెండో కమాను రావాల్సిన వాకిలికి తిన్నగా సిమెంటు దూలం పోయించాడు. మిగిలిన రాళ్ళు లారీలో వెళ్ళిపోతుంటే నేను ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తూ ఉన్నాను.

నాయన ఇంకో మూడేళ్ళు బతికాడు. ఒకసారి దుకాణానికి తీసుకొచ్చాను. కర్ర పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. కమాను కంటే ఎక్కువసేపు ఆ దూలాన్నే చూశాడు.

"మంచిగనే పోసిండ్రు," అన్నాడు. "లెవెల్ కుదిరింది."

నేను మంచినీళ్ళ గ్లాసు ఇచ్చాను. ఆయన పోయాక, దశదిన కర్మ అయిన మర్నాడు షట్టరు ఎత్తాను.

పోయిన ఏడు పాత బిల్డింగుల కొలతలు తీసుకుంటూ కాలేజీ పిల్లలు వచ్చారు. ఒకమ్మాయి కమాను చూపించి, "ఆంటీ, ఇది ఒరిజినలా, తర్వాత కట్టిందా?" అని అడిగింది.

"రాళ్ళు అప్పటివే. కట్టుడు రెండుసార్లు. రెండుసార్లు మా నాయినే."

"మరి ఆ దూలం?"

"అప్పుడు మా నాయినకు పానం బాగలేకుండె."

ఆమె రాసుకుంది. టేపు కొస పట్టుకోమంది. గోడకు ఆనించి పట్టుకున్నాను. అంకె చదువుకుని, "చాలు ఆంటీ, వదిలెయ్యండి," అంది. నేను వదల్లేదు. ఆమె ఇంకోసారి చెప్పాక వదిలాను.