రెండో తాళంచెవి

దొరసామి తాళం వేశాక లాగి చూస్తాడు. కొంతదూరం వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ లాగుతాడు. తాళం అలాగే ఉంటుంది. అయినా దానివైపు ఇంకోసారి చూసి గాని కదలడు.

అతని వర్క్‌షాపు సింగానల్లూరులో ఉంది. ఇంట్లో అందరూ దాన్ని పట్టరై అంటారు. నీళ్లు తోడే పంపుల భాగాలను అక్కడ తొలిచి, చదును చేసి, నున్నగా చేస్తారు. ముందు లేతు మిషన్లు. వెనక షేపింగ్ మిషను. ఇనుప ముక్క మీద ముందుకూ వెనక్కీ కదులుతూ పొరలు పొరలుగా గీకే యంత్రం అది. దాన్ని ఆనుకుని ఒక చెక్కగోడ. గోడకు అవతల చిన్న గది. ఆ గదిలో అచ్చుల బీరువా, ఒక కంప్యూటరు.

అచ్చులు చెక్కవి. వాటిని ఇసుకలో ఒత్తి, ఏర్పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తే పంపు భాగం తయారవుతుంది. అచ్చు ఎవరి దగ్గర ఉంటే పంపు వాళ్లది. దొరసామికి మీసాలు వస్తున్న వయసులో, అతని తండ్రి చెక్కిన అచ్చును పోత కోసం ఒక మనిషి తీసుకెళ్లాడు. పని అయ్యాక భద్రంగా తెచ్చి ఇచ్చాడు. తర్వాత ఉడుమలైపేట వైపు ఒక కొబ్బరితోటలో, బావి గట్టు మీద, వేరే పేరు రాసిన పంపు కనిపించింది. దాని అంచున చిన్న గాటు ఉంది. తండ్రి ఉలి జారి చెక్కలో పడిన గాటు అది. ఇనుములోకి వచ్చేసింది. తండ్రి ఆ గాటును వేలితో తడిమి, కొడుకును తీసుకుని బస్సెక్కాడు.

ఆ తర్వాత దొరసామి మనుషులను సగమే నమ్మాడు. యంత్రాలను పూర్తిగా నమ్మాడు. మోటారు మీద స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినేవాడు. లోపల ఏది అరిగిందో ఆ శబ్దం చెప్పేది. మిషనుకు అబద్ధం చెప్పడం రాదని అతని మాట.

"మీకు మీ నీడ మీద కూడా సందేహమే," అనేది భార్య జానకమ్మాళ్. "మధ్యాన్నం చిన్నదైతే, ఎవురు కత్తిరించినారని అడిగే మనిషి మీరు."

అలాంటి మనిషి తన గదికి రెండో తాళంచెవి చేయించి ఒకరికి ఇచ్చాడు. ఆమె పేరు నిత్య. జానకమ్మాళ్ పుట్టింటి వైపు పిల్ల, పోదనూరులో ఉంటుంది, డిప్లొమా చదివింది. పాత అచ్చులు చెదలు పట్టకముందే వాటి కొలతలు తీసి కంప్యూటరులో బొమ్మలుగా గీయడం ఆమె పని. మొదట్లో దొరసామి ఆమె వెనకే నిలబడేవాడు. ఒకరోజు ఆమె, దొరసామి తండ్రి చెక్కిన అచ్చును చేతిలో తిప్పి చూస్తూ ఆగింది.

"మామా, ఈ గాటు కూడా గీయాల్నా?"

దొరసామి ఆ గాటును వేలితో తడిమాడు.

"గీయి అమ్మిణీ," అన్నాడు చివరికి.

ఆ వారమే తాళంచెవి ఇచ్చాడు.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు వర్క్‌షాపులో పని ఉండదు. యంత్రాలన్నీ కడిగి, గంధం, కుంకుమ పెట్టి, పూలు వేస్తారు. బొట్టు దొరసామే పెడతాడు. దానికి అతని ఇంట్లో ఒక పద్ధతి ఉంది. యంత్రాన్ని లేపడానికి చెయ్యి మొదట ఎక్కడ పడుతుందో అక్కడే బొట్టు పెట్టాలి. దానంతట అది రాలిపోయేదాకా తుడవకూడదు. లేతు స్విచ్చుకు పెట్టాడు. షేపింగ్ మిషను పిడికి పెట్టాడు. గదిలోకి వచ్చి కంప్యూటరు పెట్టె ముందు వంగాడు. దానికి రెండు బొత్తాలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటికీ గంధం గట్టిగా అద్ది, పైన కుంకుమ పెట్టాడు. నిత్య అప్పుడు వాకిట్లో ముగ్గు వేస్తోంది. మర్నాడు ఆమె గుడ్డ తీసుకుంటే, "తుడవొద్దు," అన్నాడు. ఆమె గుడ్డ మడిచి పెట్టేసింది.

దీపావళి దాటాక కంప్యూటరు దానంతట అది ఆరి, దానంతట అది లేవడం మొదలైంది. నిత్య గీస్తూ ఉండగా తెర నల్లబడేది. కాసేపటికి మళ్లీ మొదటినుంచి తెరుచుకునేది. గీసింది పోయేది. ఉడుమలైపేట తోటల కోసం కొత్త పంపు బొమ్మ సగంలో ఉంది. ఆమె మళ్లీ గీసేది, మళ్లీ పోయేది.

"ఏ మిషనూ తన మనసుతో ఆరదు," అన్నాడు దొరసామి. "ఎవురో ఆపుతుండారు."

"ఇక్కడ ఎవురుండారు మామా?"

"అదే చూస్తా ఉండాను."

కంప్యూటర్లు బాగుచేసే గణేశన్ వచ్చాడు. పెట్టె విప్పి దుమ్ము ఊదాడు. కరెంటు ఇచ్చే భాగం మార్చాడు. మర్నాడు మళ్లీ అదే తంతు. పెట్టెను తన దుకాణానికి తీసుకెళ్లి, అందులో ఉన్నదంతా తుడిచి కొత్తగా ఎక్కించి, రోజంతా నడిపాడు. ఒక్కసారి కూడా ఆరలేదు.

"ఒణ్ణుమే ఇల్లీంగణ్ణా," అన్నాడు తిరిగి తెచ్చి పెడుతూ. ఏమీ లేదట. "నా దగ్గర బంగారంలాగా ఉండింది."

గదిలో పెట్టి నిత్య కూర్చోగానే ఆరింది.

దొరసామి ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు. ఆదివారం పట్టరైకి సెలవు. అతనొక్కడే వచ్చి గది తెరిచి, కంప్యూటరు లేపి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భోజనం కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. ఎండ కిటికీ ఊచల నీడలను గోడ మీదుగా నేల మీదికి జరిపింది. తెర వెలుగుతూనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నిత్య అక్క మొగుడు శరత్‌కుమార్ పూజ అయిన తర్వాతే వేరే పంపుల కంపెనీలో చేరాడు. దొరసామి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. బోల్టుకు నట్టు సరిపోయినట్టు సరిపోయాయి.

సోమవారం నిత్య పనిలో ఉండగా లోపలికి వచ్చాడు. చెక్కగోడకు అవతల షేపింగ్ మిషను నడుస్తోంది.

"శరత్ ఎట్ల ఉండాడు?"

"బాగుండాడు మామా."

"కొత్త కంపెనీలో మన పంపుల మాట ఏమైనా వచ్చిందా?"

నిత్య మౌస్ మీద నుంచి చెయ్యి తీసింది. "ఏమిటికి వస్తుంది?"

"ఊరికే అడిగినాను."

"మీరు ఊరికే ఏమీ అడగరు."

అతను కుర్చీ వెనక పట్టుకున్నాడు. "గణేశన్ కాడ అది ఆరలేదు. నిన్న నా కాడ ఆరలేదు. నువ్వు కూర్చుంటేనే ఆరుతుండాది."

అప్పుడే తెర నల్లబడింది.

"చూడు," అన్నాడు.

నిత్య నల్లటి తెరనే చూస్తూ కూర్చుంది. తర్వాత సంచిలోంచి తాళంచెవి తీసి కీబోర్డు మీద పెట్టింది.

"గీసినవన్నీ మీ పెన్ డ్రైవులోనే ఉండాయి మామా. గాటుతో సహా."

ఇంట్లో జానకమ్మాళ్‌కు విషయం ముందే చేరింది. కంచం పెట్టింది, అన్నం పెట్టలేదు.

"మా పిల్లను దొంగ అన్నారా?"

"నేను ఆ మాట అనలేదు. తాళంచెవి ఇచ్చేసి పొయ్యింది."

"అడగకుండానే ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"అయితే మీరు ఆ మాట అన్నట్టే." ఆమె గరిటె గిన్నెలో వదిలేసింది. "రేపు ఆ పెట్టె ఆరితే ఎవురిని అంటారు? నన్నా? నేను ఇంట్లోనే ఉంటాను, సాక్షికి పక్కింటి వాళ్లను పెట్టుకుంటాను."

మర్నాడు దొరసామి గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. కంప్యూటరు లేపాడు. తెర వెలిగింది. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి గోడకు అవతల పనివాడు చెల్లప్ప షేపింగ్ మిషనుకు ఇనుప ముక్క బిగించి నడపడం మొదలుపెట్టాడు.

తెర నల్లబడింది.

దొరసామి లేచి నిలబడ్డాడు. గడియ చూశాడు. కిటికీ చూశాడు. బల్ల కింద, బీరువా వెనక చూశాడు. ఎవరూ లేరు. తనకు తెలియకుండా తన చెయ్యే దేన్నైనా తాకిందేమోనని చేతుల వంక కూడా చూసుకున్నాడు.

"చెల్లప్పా, ఆపు!"

మిషను ఆగింది. కంప్యూటరు లేచి, అలాగే నిలిచింది.

"నడుపు!"

నడిచింది. చెక్కగోడ సన్నగా అదిరింది. బల్ల అదిరింది. తెర నల్లబడింది.

"అన్నా, ఆపాల్నా, నడపాల్నా? ఏదో ఒకటి చెప్పండి," అని అటునుంచి చెల్లప్ప అరిచాడు.

దొరసామి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. కొనను కంప్యూటరు పెట్టెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఇన్ని వారాల్లో దాన్ని వినాలని అతనికి తోచలేదు. అది మోటారు కాదు, దాని మనసు వేరని అనుకున్నాడు. ఇప్పుడు మిషను అదురు వినిపించింది. లోపల తిరిగే ఫ్యాను వినిపించింది. ఆ రెండింటి మధ్య, ముందువైపు నుంచి, చిన్న టిక్కు. ఆ వెంటనే తెర ఆరింది.

వంగి చూశాడు. పెద్ద బొత్తం మీద గంధం ఎప్పుడో రాలిపోయింది, రోజూ నిత్య వేలు పడేది దాని మీదే. చిన్న బొత్తాన్ని ఎవరూ ముట్టరు. అది లోపలికి కూరుకుపోయి ఉంది. చుట్టూ సందులో ఏదో గట్టిగా ఎండి పట్టుకుంది. గోటితో గీకాడు. పసుపుపచ్చని పొడి వేలికి అంటింది. వాసన చూశాడు.

పొడిని చాలాసేపు రెండు వేళ్ల మధ్య నలిపాడు.

గణేశన్‌కు ఫోన్ చేసి ఆ చిన్న బొత్తం ఏమిటని అడిగాడు. అది నొక్కితే కంప్యూటరు ఆరి మళ్లీ మొదలవుతుందని అతను చెప్పాడు. అది ఇరుక్కుని కొంచెం కదిలితే చాలు. దుకాణంలో బల్ల అదరదు. ఆదివారం పట్టరై అదరదు.

దొరసామి పిన్నీసుతో గంధమంతా తీసేశాడు. బొత్తం పైకి లేచింది. చెల్లప్పను మిషను నడపమన్నాడు. తెర వెలుగుతూనే ఉంది. అయినా మధ్యాహ్నం దాకా దాని ముందే కూర్చుని చూశాడు.

సాయంత్రం పోదనూరు వెళ్లాడు. నిత్య గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది.

"రండి మామా," అని లేచింది.

"మిషను బాగైంది."

"గణేశన్ అన్న వచ్చినాడా?"

"లేదు." అతను చెప్పులు విడవలేదు. "గంధం. ఆ చిన్న దాంట్లో."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి మునగాకు గిన్నెలోకి చూసింది.

"బొట్టు పెట్టినారా, ఆ స్విచ్చుకు?"

"ఆమా," అని తల ఊపాడు.

"నేను గుడ్డ తీసినాను మామా."

"వద్దన్నది నేనే."

జేబులోంచి తాళంచెవి తీసి చాచాడు. ఆమె చేతికి మునగాకు అంటుకుని ఉంది. చెయ్యి తుడుచుకోలేదు.

"బావ నన్ను ఏమీ అడగలేదు. మీరు నిన్న అడిగినారు కదా, దానికి జవాబు ఇప్పుడు చెప్తుండాను."

"శరి అమ్మిణీ. తీసుకో."

"పనికి వస్తాను. ఆ పంపు సగంలో ఉండాది. తాళంచెవి మీ కాడే ఉండనీండి."

"ఏమిటికి?"

"రేపు ఇంకోటేదైనా ఆరుతుంది," అంది.

ఆమె వచ్చింది. కొత్త పంపు బొమ్మ పూర్తి చేసింది. మిగతా అచ్చులూ ఒక్కొక్కటిగా గీస్తోంది. ఉదయం దొరసామి కంటే ముందు చేరితే, గది బయట షేపింగ్ మిషను పక్కన నిలబడి ఉంటుంది. అతను తెరిచాక లోపలికి వెళుతుంది. సాయంత్రం అతను తాళం వేసి లాగేటప్పుడు అక్కడ ఉండదు, అంతకు ముందే బస్టాపుకు వెళ్లిపోతుంది.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. దొరసామి గంధం గిన్నెతో కంప్యూటరు ముందు ఆగి ఆమె వైపు చూశాడు. నిత్య పెట్టె పైభాగం చూపించింది. అక్కడ పెట్టాడు. తర్వాత పనిముట్లన్నీ పేర్చిన పీట దగ్గరికి వెళ్లి, సుత్తికీ స్పానర్లకూ స్క్రూడ్రైవర్‌కూ బొట్లు పెట్టాడు. జేబులోంచి రెండో తాళంచెవి తీసి దానికీ పెట్టి, ఆమెకు అందేలా పీట చివర ఉంచాడు.

నిత్య పూలు తెచ్చింది. సుత్తి మీద ఒకటి, స్పానర్ల మీద ఒకటి, తాళంచెవి మీద ఒకటి వేసింది. దండం పెట్టుకుంది. ప్రసాదం తీసుకుని, జానకమ్మాళ్‌తో మాట్లాడుకుంటూ బయటికి వెళ్లింది.

దొరసామి పీట దగ్గరే నిలబడ్డాడు. అందరూ వెళ్లాక తాళంచెవిని తీసి, గంధం తుడవకుండా, జేబులో వేసుకున్నాడు.