సాగర్ గట్టు మీద గొర్రెపిల్ల పాట

నిన్న టీవీలో నాగార్జునసాగర్ గేట్లు ఎత్తడం చూపించారు. మనవరాలు నీళ్లు చూసింది. నాకు మా పాట గుర్తొచ్చింది.

ఎనభైల్లో మాట. రెంటచింతల చర్చి పిల్లలం, గేట్లెత్తితే చూడవచ్చిన జనానికి పాటలతో దేవుడి మాట చెబుదామని డ్యామ్‌ దగ్గరికి బస్సులో వెళ్లాం. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. జొన్నచేలో పిట్టల్ని తోలిన గొంతు మాత్రం ఉంది. పాటలు నేర్పే మరియక్క ముందే హెచ్చరించింది.

"ఏమే, నోరు ఆడించు, చాలు. అరిచావంటే ఇంకోసారి తీసుకురాను."

తీరా నీళ్ల హోరులో మా పాట మాకే వినపడలేదు. జనం గేట్ల వైపే చూస్తున్నారు. అక్క నావైపు తిరిగింది.

"ఇంకేంది చూస్తావు, ఎత్తుకో!"

తప్పిపోయిన గొర్రెపిల్లను కాపరి పిలిచే పాట ఎత్తుకున్నాను. జనమంతా ఇటు తిరిగారు. నా పాటకు కరిగిపోయారనుకున్నాను. తలకు రుమాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు గబగబా వచ్చాడు.

"ఎందుకమ్మా ఆ కేకలు? ఎవురు తప్పిపోయారు?"

"గొర్రెపిల్ల, తాతా" అన్నాను గర్వంగా.

"అయ్యో, నీళ్లల్లో పడుద్దే!"

చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, గట్టు దిగసాగాడు. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన్ని వెనక్కి పిలిచింది కూడా నేనే.

పెద్దయ్యాక చదువు నేర్చుకుని బైబిల్లో ఆ గొర్రెపిల్ల కథ నేనే చదువుకున్నాను. దానిమీద ప్రసంగాలూ చాలానే విన్నాను. వినగానే వెతకడానికి దిగినవాణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను.