కనబడని జేబు

స్కూలు పక్క సందులో కుట్టుమిషను పెట్టుకున్న ఆమెకు కుదురన్నది తెలియదు. కాలు పెడలు మీద, కళ్లు వీధి మీద, నోరు వచ్చినవాళ్ల మీద. ఒకరోజు తొమ్మిదో క్లాసు చదివే కూతురి స్నేహితురాలు, అందరూ పొడుగుపిల్ల అనే అమ్మాయి, వచ్చి స్కర్టు నడుంపట్టీ లోపల జేబు పెట్టమంది. బస్‌పాస్ పోతోందట. వెతికినా చేతికి తగలకుండా కుట్టి తెగ మురిసిపోయింది ఈవిడ. పది రోజుల్లో ఇంకో ఆరుగురు అదే జేబు కావాలని వచ్చారు. ఒకరిని చూసి ఒకరు, ఈ వయసే అంత అని నవ్వుకుంటూ అందరికీ కుట్టింది.

ఇవాళ మధ్యాహ్నం తెగిన సంచి కుట్టించుకోవడానికి వచ్చిన స్కూలు ఆయా గొంతు తగ్గించింది.

"పొడుగుపిల్ల క్లాసులోనే కళ్లు తిరిగి పడిపోయిందమ్మా. మత్తుబిళ్లలట! నడుంపట్టీలో దాచింది. ఆ జేబు ఏ మహాతల్లి కుట్టిందో గానీ, తను చూపించేదాకా ఎవరికీ దొరకలేదు. ఇప్పుడు బాగానే ఉందిలే."

ఆ మహాతల్లి తనే. పడింది తన కూతురు కాదు. అయినా నాలుగయ్యేలోగా పదిసార్లు గుమ్మంలోకి వెళ్లింది, జాకెట్టుకు కుట్టిన చేతినే రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టింది.

కూతురు రాగానే బ్యాగు కూడా దించనివ్వకుండా నడుంపట్టీ తడిమింది. లోపల వంకరటింకర చేతికుట్టుతో ఒక జేబు. అందులో ఒక బిళ్ల.

"మింగావా?"

"లేదమ్మా, ఒట్టు. వద్దంటే నన్ను కలుపుకోరని తీసుకున్నా. రేపు రేపు అని తప్పించుకుంటున్నా."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదే!"

"చెబుదామనే మొన్న వచ్చాను. అప్పుడు నువ్వు వాళ్ల జేబే కుడుతున్నావు, నవ్వుకుంటూ."

ఆమె పిల్లను దగ్గరికి లాక్కుంది. భయం, సిగ్గు, కోపం అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కోపం తన మీదే.

బిళ్లను కాగితంలో చుట్టి, కొట్టు షట్టరు దించి, చెప్పులు వేసుకుంది.

"పద, ప్రిన్సిపల్ దగ్గరికి. ఆ జేబులు నేనే కుట్టానని చెప్తా. ఎవరెవరికి కుట్టానో కూడా చెప్తా."

"రేపటినుంచి నాతో ఎవరూ మాట్లాడరమ్మా."

"మా అమ్మ పట్టేసుకుందని చెప్పు. రోజూ తడిమి చూస్తుందని చెప్పు. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటారు."

పిల్ల బ్యాగు భుజాన సర్దుకుంది.

"రాక్షసి అంటారు నిన్ను."

"అననీ."

పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది. స్కూలు గేటు దాటాక కూడా వదల్లేదు.