ఓక్ మొద్దు దగ్గరికి వచ్చిన ఎలుగు

2009 ఏప్రిల్ ఒకటిన యార్క్‌షైర్‌లోని ఒక వన్యమృగ ఉద్యానంలో పశువైద్యాధికారిగా చేరాను. 2019 మార్చి ముప్పై ఒకటిన అక్కడే పదవీ విరమణ చేశాను. సరిగ్గా పదేళ్లు, మోకాలి ఆపరేషన్‌కు తీసుకున్న ఆరు వారాలు తీసేస్తే కాస్త తక్కువ. ఇప్పుడు చెప్పబోయేది 2016 అక్టోబరులో ఒక వారం సంగతి.

ఉద్యానంలో అమెరికా నల్ల ఎలుగులు ఆరు ఉండేవి. వాటికి కంచె వేసిన అడవి ఒకటి ఇచ్చారు. ఓక్, బీచ్ చెట్లు, కింద నడుము ఎత్తు ముళ్లపొదలు. సాయంత్రం తిండి వేళకు కీపర్లు గంట కొడితే ఎలుగులు వాటంతట అవే కొట్టాల్లోకి వచ్చేవి. ఆ అక్టోబరులో మెగ్ అనే ముసలి ఆడ ఎలుగు రావడం మానేసింది. దూరదర్శినిలో చూస్తే ఎడమ చెంప వాచి ఉంది. కోరపన్ను కుళ్లి చీము పట్టిందని అర్థమైంది. ఆ స్థితిలో అది చలికాలపు నిద్రకు గుహలో దూరితే మళ్లీ బయటికి రాదు.

సోమవారం సమావేశంలో డైరెక్టర్ గడువు పెట్టారు. శుక్రవారం సాయంత్రంలోగా మత్తు ఇచ్చి పన్ను తీయాలి. లేదంటే బాధ పొడిగించకుండా కాల్చేయాలి. కాల్చవలసినవాడు హెడ్ కీపర్ గ్రేయమ్. ఎలుగుల అడవిలోకి ఎవరు కాలినడకన వెళ్లినా రైఫిల్‌తో ఒకరు వెంట ఉండాలన్నది నియమం, ఆ అధికారం అతనిదే. మెగ్‌ను పిల్లగా ఉన్నప్పుడు సీసాతో పాలు పట్టి పెంచినవాడు కూడా అతనే. సమావేశం ముగిశాక అతను లేచి, కుర్చీని జాగ్రత్తగా లోపలికి జరిపి వెళ్లాడు.

ఈ పని ఎందుకు కష్టమో కొంచెం చెప్పాలి. ఎలుగును రప్పించడానికి మామూలుగా ఎర పెడతారు. మేము పెట్టకూడదు. మత్తు ఇచ్చే జంతువు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుక్కలను వదిలితే నల్ల ఎలుగు చెట్టెక్కుతుంది. మందు పనిచేయడానికి పది నిమిషాలైనా పడుతుంది కనుక అది చెట్టు మీదే స్పృహ తప్పి కింద పడుతుంది. జీపులో పోదామంటే, అంతకుముందు రెండుసార్లు అదే జీపులోంచి దానికి సూది వేసి ఉన్నాను. ఇంజను చప్పుడు వింటే చాలు, పొదల్లో కలిసిపోయేది. మిగిలినది ఒకటే దారి. గాలికి ఎదురుగా నడిచి, ఇరవై అయిదు మీటర్ల లోపలికి చేరి, మత్తు తుపాకితో భుజం కండలో కొట్టాలి. తుంటి మీద కొట్టకూడదు. చలికాలానికి ముందు ఎలుగుకు అక్కడ కొవ్వు పేరుకుంటుంది, మందు కొవ్వులోనే ఉండిపోతుంది.

మేము ముగ్గురం. నేను, గ్రేయమ్, మా వెటర్నరీ నర్సు సుగుణ. సుగుణది తెనాలి. లీడ్స్‌లో కేర్ హోములో పనిచేస్తూ చదువుకుని ఈ పనిలోకి వచ్చింది. మాది నాగర్‌కర్నూల్. ఉద్యానం మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. రోటాలో ఇద్దరం ఒకే షిఫ్టులో పడిన రోజు నాకు పని సగం అయినట్టుండేది.

మిగతా అయిదు ఎలుగులను కొట్టాల్లో మూసి, మంగళవారం అడవిలోకి దిగాం. సుగుణ పౌడర్ డబ్బా నొక్కి గాలి ఎటు వీస్తుందో చూసేది. ఆ అడవి ఒక పల్లంలో ఉంది. గాలి ఒక దిక్కున లోపలికి వచ్చి గిన్నెలో నీళ్లలా తిరిగేది. మంగళవారం మెగ్ నిద్రించిన ఆకుల పరుపు దొరికింది, చేయి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. ఎలుగు లేదు. బుధవారం పొదల్లో దాని వీపు కనిపించింది. నేను తుపాకి ఎత్తేలోపు మెడ వెనక చల్లగా తగిలింది; గాలి మళ్లింది. మెగ్ ముక్కు ఎత్తి చూసి వెళ్లిపోయింది. పరుగెత్తనైనా లేదు.

గురువారం ఉదయం ఒక పెద్ద ఓక్ మొద్దు దగ్గర సామాను దించి, ఆక్సిజన్ సిలిండరు, మందుల పెట్టె అక్కడే ఉంచి, గాలికి అడ్డంగా నలభై అడుగుల అవతల ఫెర్న్ మొక్కల వెనక కూర్చున్నాం. చాలాసేపటికి గ్రేయమ్ నా మోచేతిని తాకాడు. మేము వెతకబోయిన మెగ్ తనంతట తానే వచ్చి మొద్దు దగ్గర నిలబడి ఉంది. సుగుణ తెచ్చిన సంచిలో తల దూర్చి ఏదో నములుతోంది. భుజం పూర్తిగా నా వైపే ఉంది.

"ఏమున్నదే ఆ సంచిల?" అని గుసగుసగా అడిగాను.

"అరిసెలండి. చర్చిలో కోత పండక్కి చేశాను. టీ టైముకి తిందామని."

"పొద్దుగాల ఏం చెప్పిన నీకు?"

"ఎర తేవద్దన్నారు డాక్టరమ్మా. అరిసె ఎరేంటండీ, పలహారం గానీ."

"ఆ ముచ్చట దానికెవరు చెప్పాలె?"

సూది కొట్టమని గ్రేయమ్ నా చెవిలో అన్నాడు. మళ్లీ అన్నాడు. నేను తుపాకి సేఫ్టీ వేసి మోకాళ్ల మీద పెట్టుకున్నాను. తొమ్మిది రోజులుగా ఏమీ తినని జంతువు ఇప్పుడు తిన్నది. ఆ పూట ఇక మత్తు లేదు. మెగ్ కుడి దవడతో మెల్లగా, కళ్లు సగం మూసి, ఒక్కో అరిసెనూ నమిలింది. ప్లాస్టిక్ డబ్బా మూలలు కూడా నాకింది. ఆ పదేళ్లలో నేను చూసినవాటిలో ఈ దృశ్యమే తరచుగా గుర్తుకొస్తుంది. అప్పుడు మాత్రం లోపల లెక్క వేసుకుంటున్నాను: అరిసెలు ఎన్ని, బెల్లం ఎంత, కడుపు ఖాళీ కావడానికి ఎంతసేపు.

అది వెళ్లాక గ్రేయమ్ గొంతు పెంచలేదు. రేపు ఆ భుజం మళ్లీ కనిపించకపోతే ట్రిగ్గర్ నొక్కేది నువ్వు కాదు, నేను, అన్నాడు. నిజమే. ఈ రోజు కొడితే చనిపోయే అవకాశం ఎక్కువని చెప్పాను. అదీ నిజమేనని అతనికి తెలుసు. సుగుణ ఏడుపు ఆపుకుంటూ ఖాళీ డబ్బా, చిరిగిన సంచి ఏరుకుంది.

శుక్రవారం తెల్లవారి వాన పడి ఆగింది. పడమటి గాలి నిలకడగా వీచింది. కొత్త చోటికి పోదామని గ్రేయమ్ అన్నాడు. నేను మొద్దు దగ్గరే కూర్చుందామన్నాను. కనీసం ఖాళీ డబ్బా అయినా పెడదామా అని సుగుణ అడిగితే, పెట్టవద్దన్నాను; ఈసారి ప్లాస్టిక్ మింగినా మింగుతుంది. సామాను గేటు దగ్గరే వదిలి, మా వాసన మొద్దు వైపు పోకుండా గాలికి పక్కగా కూర్చున్నాం.

"ఇప్పుడక్కడ ఏముందండీ మనం కాపలా కాయడానికి?" అంది సుగుణ.

"ఏం లేదు."

"లేనిదానికి ముగ్గురం, రెండు తుపాకులు. మా ఆయనకి చెబితే నవ్వుతాడు."

"చెప్పకు మరి."

మధ్యాహ్నం రెండు దాటాక మెగ్ వచ్చింది. తిన్నగా మొద్దు దగ్గరికే వచ్చింది. నిన్న సంచి ఉన్నచోట ముక్కు ఆనించింది. తడి నాచును నాకింది. మొద్దు చుట్టూ ఒకసారి తిరిగి మళ్లీ అదే చోట నిలబడి ఎదురుచూసింది. అక్కడ ఏమీ లేదు. దాని మీద గురి పెట్టి ఉన్నాను గానీ, అది అలా నిలబడినంతసేపు నాకు వేలు కదలలేదు. తర్వాత కొట్టాను. సూది భుజంలో దిగింది.

మెగ్ పది గజాలు నడిచి ఒక బీచ్ చెట్టు మీద ముందు కాళ్లు పెట్టింది. గ్రేయమ్ లేచి నిలబడ్డాడు. రైఫిల్ ఎత్తలేదు. దాన్ని పేరు పెట్టి, కొట్టంలోకి పిలిచే మామూలు గొంతుతో పిలిచాడు. అది తల తిప్పి అతన్ని చూసింది. గోళ్లు బెరడు మీద జారాయి. కిందికి దిగి, తల ముందు కాళ్ల మధ్య పెట్టుకుని పడుకుంది.

సామాను తెప్పించి అక్కడే పన్ను తీశాను. బరువు ఎనభై రెండు కిలోలుంటుందని అంచనా వేసి మందు కలిపాను. తూస్తే ఎనభై మూడున్నర. ఊపిరి లెక్కిస్తున్న సుగుణ పక్కపంటి సందులోంచి పట్టకారుతో ఏదో తీసి నాకు చూపింది. నువ్వుగింజ.

"ఇది కూడా రికార్డులో రాయాలాండీ?"

"రాయి. కడుపులో ఏమున్నదో రాయకుంటే ఎట్ల?"

గ్రేయమ్ రైఫిల్‌లోంచి తూటాలు తీసి జేబులో వేసుకుని, మెగ్ లేచేదాకా కంచె అవతల నిలబడ్డాడు. మెగ్ ఆ తర్వాత నాలుగు చలికాలాలు బతికింది. ఆఖరిది నా పదవీ విరమణ తర్వాత వచ్చింది కనుక నేను చూడలేదు.

సుగుణ ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. నేను లీడ్స్‌లో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. కింది ఇంటి పిల్లలు నన్ను ఆంటీ అని పిలిచి మిగతాదంతా ఇంగ్లీషులో మాట్లాడతారు. తడి ఫెర్న్ ఆకుల వాసన, మాట్లాడకూడదు గనుక మాట్లాడకుండా పక్కపక్కన కూర్చునే ఆ మధ్యాహ్నాలు, సుగుణ పౌడర్ డబ్బా నొక్కితే తెల్లటి పొగ ఎటు పోతుందోనని ముగ్గురం ఒకేసారి తల తిప్పడం, ఇవి వేరే ఏ పనిలోనూ దొరకవు. పదవీ విరమణ తర్వాత నాకు దొరకనివీ ఇవే.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ వారం గురించి చెప్పగలిగింది ఇంతే. ఎరా కుక్కలూ లేనప్పుడు జంతువు జాడ కన్నా ముందు అది చివరిసారి ఎక్కడ తృప్తిగా తిన్నదో తెలుసుకోవాలి. అక్కడ ఏమీ మిగలకపోయినా అది ఒకసారైనా తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు కొట్టడం ఎంత పనో, కొట్టకూడని రోజు తుపాకి దించడం కూడా అంతే పని.

ఏటా అక్టోబరులో ఒక గురువారం బస్సెక్కి ఉద్యానానికి వెళతాను. పడమటి వైపు కంచె దగ్గర నిలబడితే ఓక్ మొద్దు కనిపిస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. కాసేపు ఉండి, నాలుగుంబావు బస్సుకు తిరిగి వస్తాను.