మేస్త్రికి జలుబు చేసిన రోజు

ఔరాద్ ఊరి వడ్ల మేస్త్రి చెక్కపనికి కరెంటు మెషీన్ ఏది కొనాలన్నా ముందు దానికి ముక్కు ఆనించి వాసన చూసేవాడు. లోపల కాయిల్ మాడితే ఆయనకు తెలిసిపోయేది. బీదర్‌లో పాత మెషీన్లు అమ్మే మా దుకాణంలో అందరం నవ్వేవాళ్లం.

హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలం. అక్కడ తలుపుల పని దొరికిందని రంపం మెషీన్ కోసం వచ్చాడు.

"ముక్కు పట్టేసిందన్నా. నువ్వే చెప్పు, మంచిదేనా?"

"కంపెనీవాళ్లే బాగుచేసి పంపిన్రు. కండ్లు మూసుకొని తీస్కపో."

మూడోనాడే అది పొగలు కక్కింది. పని పోయింది. తిరిగి తెస్తే, బజారంతా వినేటట్టు అరిచాను: "నువ్వే కాలబెట్టి నా నెత్తిన రుద్దుతున్నవా?"

ఆ తర్వాత ఏ దుకాణంవాడూ ఆయన్ని మెషీన్ ముట్టనివ్వలేదు. మళ్లీ వచ్చాడు.

"మెషీన్ నువ్వే ఉంచుకో అన్నా. నేను కాలబెట్టలేదని నలుగురిల ఒక్క మాట చెప్పు, సాలు."

"పోవయ్యా, బేరం టైముల" అన్నాను. తలుచుకుంటే ఆ నోటిమీద నాకే రోత పుడుతుంది.

మాడిన కాయిల్ మీద వార్నిష్ పూసింది నేను. కంపెనీ స్టిక్కర్ అంటించింది నేను. మేస్త్రి ఇప్పుడు లేడు. ఆయన అడిగిన ఆ ఒక్క మాట, వినడానికి మిగిలిన నలుగురికీ చెబుతున్నాను: ఆయన కాలబెట్టలేదు.